ఇంజన్ మేం ఆపుతం, లైను మీరు తగ్గించున్రి

(రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేం మాట్లాడబోయే సంగతి వింటే కొందరికి నవ్వు రావచ్చు. మద్దతు ధర సమస్య ఉన్నది, యూరియా సమస్య ఉన్నది, వానలకు తడిసిన పంట సంగతి ఉన్నది. ఇన్ని ముందల పెట్టుకొని, నిలబడ్డ బండి ఇంజన్ ఆపాల్నా, నడవనియ్యాల్నా అని మాట్లాడుడేందని మీరు అనుకోవచ్చు. సంఘంల ఈ మాట మొదటిసారి వచ్చినప్పుడు మేం గూడ నవ్వినం. కాగితం తీసి లెక్క వేసినంక నవ్వు ఆగింది.

సంగతి ఏందంటే, ప్రపంచంల చాలా పట్నాలల్ల ఒక నియమం ఉన్నది. బండి నిలబడి ఉండంగ ఇంజన్ ఊరికే తిరగొద్దు. తిరిగితే దానికి ఇన్ని నిమిషాలు అని హద్దు ఉంటది. హద్దు దాటితే జరిమానా. అమెరికాల న్యూయార్క్ నగరంల ఆ హద్దు మూడు నిమిషాలు, బడి పక్కన అయితే ఒక్కటే నిమిషం. కాలిఫోర్నియాల పెద్ద డీజిల్ లారీలకు ఐదు నిమిషాలు. ఇంగ్లండుల ఇంజన్ ఆపమని చెప్పినా ఆపనోళ్లకు 20 పౌండ్ల జరిమానా వేసే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చిన్రు. మన దేశంల ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరుల "రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్" అని ప్రచారం మొదలుపెట్టింది. ఎర్ర లైటు పడంగనే ఇంజన్ ఆపున్రి అని చౌరస్తాలల్ల వలంటీర్లు ప్లకార్డులు పట్టుకొని నిలబడ్డరు. అది జరిమానా కాదు, చేతులు జోడించి చెప్పుడు.

ఇది ఇయ్యాల ఢిల్లీ ముచ్చట. రేపు కరీంనగర్ ముచ్చట, ఎల్లుండి ఆదిలాబాద్ ముచ్చట అయితది. కేంద్రం 2019 జనవరిల జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం తెచ్చింది. మన రాష్ట్రంల హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు ఆ జాబితాల ఉన్నయి. గాలి బాగు చేయాలని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు కింద అధికారికి ముందుగాల కనబడేది ఎవరు? పొగగొట్టం పైకి ఉన్న ట్రాక్టరు కనబడతది. చలాన్ రాసుడు అలకగ అయ్యేది గూడ దానికే. అందుకే నియమం వచ్చినంక ధర్నా చేసుడు కంటే, రాకముందే మన మాట ఏందో మనం తేల్చుకోవాలె అని ఈ ముచ్చట పెట్టినం.

పొగ మంచిది కాదు, ముందు అది ఒప్పుకుందాం

మొదలు నిజం మాట్లాడుకుందాం. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌ల తేల్చి చెప్పింది. పొగాకును పెట్టిన వర్గంలనే దాన్ని గూడ పెట్టింది. ఆ పొగ ఎవరు పీలుస్తున్నరు? అద్దాలు ఎక్కించుకొని ఏసీ కార్ల పోయేటోళ్లు కాదు. మార్కెట్ లైనుల ట్రాలీ పక్కన దుప్పటి పరుచుకొని పండిన రైతు పీలుస్తడు. పత్తి దింపే హమాలీ పీలుస్తడు. రాలిన పత్తి ఊడ్చే అక్కలు పీలుస్తరు. యార్డు గేటు పక్కన చాయ్ అమ్మే ముసలవ్వ పొద్దంత పీలుస్తది.

కనుక "రైతు బండికి ఏ నియమం వద్దు" అనే మాట మేం అనం. ఆ మాట అంటే మన హమాలీలకే మనం అన్యాయం చేసినట్టు. పొగ ఆగాలె. అయితే ఆ పొగ ఎందుకు వస్తున్నదో గూడ అడగాలె. మన అసలు ప్రశ్న అక్కడ ఉన్నది.

ఒక్క రాత్రి లెక్క

రెండేండ్ల కింద నవంబరుల మా ఊరి నుంచి ముగ్గురం కలిసి పత్తి తీసుకపోయినం. ఏ యార్డు, ఎవరి కొనుగోలు అనేది వద్దు, అన్ని దిక్కుల అదే కథ. మబ్బుల బయలుదేరి పొద్దుపొడువక ముందే చేరినం. మాకు ముందుగాల ముప్పై బండ్ల దాకా ఉన్నయి. ట్రాక్టర్లు, బొలెరోలు, డీసీఎంలు, ఆటోలు ఒకదాని ఎనుక ఒకటి. ఆ పొద్దు గడిచింది, రాత్రి గడిచింది, తెల్లారి పదకొండు గంటలకు మా బండి కాంటా ఎక్కింది.

రాత్రంత ఇంజన్లు నడిచినయి. ఎందుకు నడిచినయంటే లైను ఒక్కసారి పది అడుగులు కదులుతది, ఆగుతది. అరగంటకు మళ్ల పది అడుగులు. ఇంజన్ ఆపినోడు మళ్ల స్టార్ట్ చేసే లోపల ఎనుకోడు పక్కనుంచి ముందట దూరుతడు. ఒక్కసారి వరుస పోయిందంటే గంట పోయినట్టే. ఆ భయానికి ఎవ్వరూ ఆపలేదు.

ఇప్పుడు లెక్క చూడున్రి. నలభై, నలభై ఐదు హెచ్‌పీ ట్రాక్టరు నిలబడి ఊరికే తిరిగితే గంటకు దగ్గర దగ్గర ఒక లీటరు డీజిల్ తాగుతది. పాత ఇంజన్ అయితే ఇంక ఎక్కువ. పన్నెండు గంటల రాత్రిల సగం సేపు నడిచిందనుకున్నా ఆరు లీటర్లు. లీటరు 95 రూపాయల లెక్కన 570 రూపాయలు. ముప్పై బండ్లకు 180 లీటర్లు, అంటే 17,100 రూపాయలు. ఒక్క లైను, ఒక్క రాత్రి. ఒక్క గింజ గూడ కదలకుండ, ఒక్క గజం గూడ దున్నకుండ కాలిపోయిన పైసలు ఇవి. లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోల పైన కార్బన్ డై ఆక్సైడ్ గాలిల కలుస్తది. 180 లీటర్లకు నాలుగున్నర క్వింటాళ్ల పైన లెక్క తేలుతది. మనం తెచ్చిన పత్తిని తూకం వేసిన్రు. మనం విడిచిన పొగను ఎవ్వరూ తూకం వెయ్యలేదు.

డీజిల్ ఒక్కటే గాదు. 2025-26 సీజన్‌ల పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండె. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆ పైన 12 శాతం దాకా ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర కోస్తరు. 12 దాటితే కొననే కొనరు. నవంబరు, డిసెంబరు రాత్రులు ఆదిలాబాద్ దిక్కు మంచు ఎట్ల కురుస్తదో మీకు చెప్పే పని లేదు. ఇంటికాడ ఎండబెట్టి తెచ్చిన పత్తి లైనుల మంచుకు ఒక్క శాతం తేమ ఎక్కితే, పదిహేను క్వింటాళ్ల మీద ఆ ధర లెక్కన 1,216 రూపాయలు పోతయి. డీజిల్ 570, తేమ 1,216, ఆపైన బండి కిరాయి, రెండు పూటల తిండి. రైతు ఇంత పోగొట్టుకొని నిలబడ్డంక, "ఇంజన్ ఎందుకు ఆపలేదు" అని ఇంకొక చలాన్ ఇస్తే అదెట్ల న్యాయమైతది?

వడ్ల కాడ గూడ ఇదే కథ. కరీంనగర్ జిల్లాల కొనుగోలు కేంద్రం కాడ తూకం అయినంక గూడ రైతుకు నిమ్మళం లేదు. మిల్లు ముందల లారీ దిగేదాకా మన కండ్లు దాని మీదనే ఉంటయి. దించుకునుడు ఆలస్యమైతే లారీ తిరిగి రాదు, తూకమైన బస్తాలు కల్లంల ఉంటయి, వాన వస్తే మళ్ల మొదటికి. మిల్లు కాడ నిలబడ్డ లారీకీ, కల్లంల తడిసే వడ్లకూ ఒకటే జబ్బు. ఆ జబ్బు పేరు ఆలస్యం.

మన బండ్ల కష్టం ఆఫీసుల కూసున్నోళ్లకు తెలియది

నియమం రాసేటోళ్లు కారు నడిపేటోళ్లు. తాళంచెవి తిప్పితే స్టార్ట్ అయితది, తిప్పితే ఆగుతది అనుకుంటరు. మన బండ్ల సంగతి వేరు. అది మనం చెప్పకపోతే వాళ్లకు ఎవరు చెప్తరు?

ఒకటి, బ్యాటరీ. ఊర్లల్ల సగం ట్రాక్టర్లకు సెల్ఫ్ సరిగ్గ కొట్టది. వాలు మీద పెట్టి దొబ్బి స్టార్ట్ చేసేటియే ఎక్కువ. ఇరవై క్వింటాళ్ల లోడుతోని చదును నేల మీద ఆగితే దాన్ని ఎవరు దొబ్బాలె? జనవరిల ఆదిలాబాద్‌ల చలి ఐదారు డిగ్రీలకు పడితే మంచి ఇంజన్ గూడ తొందరగ అందుకోది.

రెండు, హైడ్రాలిక్. ట్రాలీ లేపి వడ్లు కుమ్మరియ్యాలంటే ఇంజన్ నడవాలె. హార్వెస్టరు గింజలు దింపాలన్నా నడవాలె. అప్పుడు బండి నిలబడే ఉంటది, చక్రం కదలది, గనీ పని నడుస్తది. దాన్ని ఊరికే తిరుగుతున్నదంటే తప్పు.

మూడు, గాలి బ్రేకులు. లారీకి, పెద్ద డీసీఎంకు బ్రేకు పట్టాలంటే గాలి నిండాలె. గాలి దిగిపోతే ఇంజన్ కొంతసేపు నడిపితేనే నిండుతది. గాలి నిండకుండ బండి కదిలిస్తే ముందున్నోళ్ల ప్రాణానికి ముప్పు.

నాలుగు, పెద్ద లోడు గుంజుకొచ్చిన టర్బో ఇంజన్‌ను వచ్చీరాంగనే ఆపొద్దు. ఒకటి రెండు నిమిషాలు చల్లారనియ్యాలె.

న్యూయార్క్ నియమంల గూడ సరుకు ఎక్కిచ్చే, దించే యంత్రం నడవడానికి ఇంజన్ తిరిగితే మినహాయింపు ఉన్నది. కాలిఫోర్నియాల ఇండ్లకు, బడులకు దూరంగ వరుసల నిలబడి ముందుకు జరిగే లారీలకు మినహాయింపు ఉన్నది. అంటే కష్టం అర్థం చేసుకొని రాసిన నియమాలు ప్రపంచంల ఉన్నయి. మనం కొత్తగ ఏమీ అడుగుతలేం.

మన తప్పు గూడ మనం చూసుకోవాలె

ఇప్పుడు చేదు మాట. సాకులన్నీ నిజమే గనీ, అన్ని సార్లు నిజం గాదు. చాయ్ తాగ పోతూ ఇంజన్ ఎందుకు నడవనిస్తం? ఫోనుల అరగంట మాట్లాడుతూ ఎందుకు నడవనిస్తం? రైల్వే గేటు పడితే రైలు వచ్చి పోయేదాకా ఎవ్వరికీ దారి ఉండది. అక్కడ ఎనుకోడు ముందుకు దూరడు, లైను కదలది. అయినా సగం మంది ఆపరు. అది కష్టం గాదు, అలవాటు.

ఆ అలవాటు ఖరీదు మేం కండ్లార చూసినం. మేం చెప్పిన ఆ లైనులనే, ఒక ట్రాక్టరు డ్రైవరు ఇంజన్ నడవనిచ్చి దిగిపోయిండు. ఎంబడి వచ్చిన పిల్లగాడు సీటు మీద ఎక్కి గేరు మీద చెయ్యి పెట్టిండు. బండి ఒక్క ఉదుటున ముందుకు పోయింది. ముందట ట్రాలీకీ దీనికీ నడుమ ఒక హమాలీ తమ్ముడు ఉండె. ప్రాణం దక్కింది గనీ కాలు ఇరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నడు. రోజు కూలితోని బతికే ఇల్లు మూడు నెలలు ఎట్ల గడిచిందో ఆలోచించున్రి. ఆ పిల్లగానిది తప్పు గాదు. ఇంజన్ ఆపకుండ దిగిన పెద్దోనిది తప్పు.

ఈ సంగతి చట్టంల గూడ ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టంల 126వ సెక్షన్ ఏం చెప్తదంటే, రోడ్డు మీద బండి నిలబెడితే సీట్ల లైసెన్సు ఉన్న డ్రైవరన్నా ఉండాలె, లేకుంటే ఇంజన్ ఆపి బ్రేకు వేసి బండి దానంతట అది కదలకుండ చెయ్యాలె. ఇది పొగ కోసం పెట్టింది గాదు, ప్రాణాల కోసం పెట్టింది. నిమిషాల లెక్క ఆ చట్టంల లేదు. ఈ నియమం ఇయ్యాలనే అమలుల ఉన్నది. దీన్ని పాటించడానికి మనకు ఏ సాకూ లేదు.

ఇంకొక భయం ఉన్నది. లైనుల ఉన్నది పత్తి. ఎనుక బండి సైలెన్సరు ముందట బండి పత్తికి జానెడు దూరంల ఉంటది. పాత ఇంజన్ నుంచి మిణుగురు లేచి పడితే ఒక్క ట్రాలీతోని ఆగదు. ఏడాది కష్టం నిమిషాల బూడిదైతది. ఇంజన్ ఆపుడు పోలీసు కోసం గాదు, మన పత్తి కోసం.

మెకానిక్‌ను అడిగినా ఇదే చెప్తడు. గంటలకు గంటలు స్లో మీద తిరిగితే డీజిల్ సరిగ్గ కాలక నాజిల్‌కు మసి పడతది, ఇంజన్ ఆయిల్ పలుచబడతది. డీజిల్ మిగిలిచ్చుడే గాదు, రిపేరు గూడ తప్పుతది.

చలాన్ రాసేముందు ఈ మాట వినున్రి

చట్టం సంగతి ఇంకొంచెం తెలుసుకుందాం. 2019ల సవరణ అయినంక, పొగ ప్రమాణాలు దాటిన బండికి 190వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ వెయ్యచ్చు. ఇది పెద్ద ఆయుధం. ఒక ఎకరం పత్తి మీద మిగిలేది దీనికి సరిపోది. ఇసొంటి ఆయుధం పట్టుకున్నోళ్లు అది ఎవరి మీద ఎత్తుతున్నరో చూసుకోవాలె.

పట్నంల ఏ బండి రావాలె, ఏ టైముల రావాలె అని ఆంక్షలు పెట్టే అధికారం 115వ సెక్షన్ కింద ఉన్నది. గనీ దానికి ఒక పద్ధతి ఉన్నది. నెల కంటే ఎక్కువ దినాలు ఉండే ఆంక్ష అయితే గెజిట్‌ల ప్రకటించాలె. నెల లోపలిది అయినా స్థానికంగ అందరికీ తెలిసేటట్టు చెప్పాలె. ఎవరో ఒకరు గేటు కాడ నిలబడి "ఇయ్యాల నుంచి ఇట్ల" అంటే అది నియమం గాదు. "కాగితం చూపెట్టున్రి" అని అడుగుడు మన హక్కు. మర్యాదగ అడగాలె, గట్టిగ అడగాలె.

ఇంకొక మాట. నియమం వస్తే అందరికీ రావాలె. మీటింగు అయ్యేదాకా బయట ఏసీ వేసుకొని నిలబడే సర్కారు కార్లకు రావాలె. బస్టాండు ముందట నిలబడే బస్సులకు రావాలె. రాజీవ్ రహదారి మీద గ్రానైట్ మోసే లారీలకు రావాలె. పొగ ఎవరిదైనా పొగే. పెద్దోళ్ల బండికి సలాం, రైతు బండికి చలాన్ అంటే మేం ఊరుకోం.

మేం అడిగేవి ఆరు

కలెక్టర్లకు, మార్కెట్ కమిటీలకు, మున్సిపాలిటీలకు ఇచ్చే వినతిపత్రంల పెట్టాలని సంఘం తరఫున ఈ ఆరు సంగతులు మీ ముందల పెడుతున్నం. చర్చ చెయ్యున్రి, కూడిక తీసివేతలు చెప్పున్రి.

మొదటిది. లైను రోడ్డు మీద వద్దు. యార్డు లోపలనో, యార్డు పక్కననో బండ్లు నిలబెట్టే జాగ చూపెట్టాలె. నీడ, మంచినీళ్లు, ఆడోళ్లకు మొగోళ్లకు వేరువేరుగ మరుగుదొడ్లు ఉండాలె.

రెండోది. గేటు కాడ నంబరు చీటీ ఇయ్యాలె. చీటీ ఉంటే వరుస పోది. వరుస పోదంటే ఇంజన్ నడిపే పని లేదు. బ్యాంకుల, దవాఖాన్ల నడిచే పద్ధతి మార్కెట్‌ల ఎందుకు నడవది? ఇయ్యాల పత్తికి కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ పెట్టుకొమ్మంటున్నరు. స్లాట్ పద్ధతిని మేం తప్పు పట్టం. స్లాట్ ఉన్న టైముకు కాంటా ఎక్కితే లైనే ఉండది, పొగే ఉండది. గనీ పెద్ద ఫోను లేని రైతుకు, సిగ్నల్ అందని గూడేలల్ల ఉండే ఆదివాసీ రైతుకు పంచాయతీ కాడనో, మార్కెట్ కాడనో మనిషి కూసొని స్లాట్ రాసి ఇయ్యాలె.

మూడోది. స్లాట్ టైము దాటి నిలబెడితే హాల్టింగ్ ఇయ్యాలె. లారీ కిరాయి మాట్లాడేటప్పుడు దినం దాటితే హాల్టింగ్ ఎంత అని ముందే తేల్చుకుంటరు గదా. మరి రైతు బండికి ఎందుకు లేదు? ఆలస్యానికి ధర పెట్టిననాడు ఆలస్యం తగ్గుతది. ఇయ్యాల ఆలస్యం పుక్కటికి దొరుకుతున్నది, అందుకే ఇంత ఉన్నది.

నాలుగోది. తేమ గేటు కాడనే చూడాలె. పొద్దంత నిలబడ్డంక, రాత్రి మంచు పడ్డంక చూసుడు గాదు. వచ్చినప్పుడు చూసిన తేమనే చీటీ మీద రాసి, దాని మీదనే ధర కట్టాలె. సీజన్ ఊపు మీద ఉన్నప్పుడు కాంటాలు, హమాలీలు పెంచాలె.

ఐదోది. ఇంజన్ ఆపే నియమం పెడితే మినహాయింపులు అందుల్నే రాయాలె. ట్రాలీ లేపేటప్పుడు, హార్వెస్టరు దింపేటప్పుడు, గాలి నింపేటప్పుడు, లైను కదిలేటప్పుడు తప్పు కాదని సాఫ్‌గ ఉండాలె. మొదటిసారి హెచ్చరిక, తర్వాతనే చలాన్. చేతికి పైసలు అడుగుడు వద్దు, రసీదు లేని జరిమానా వద్దు. నియమాన్ని తెలుగుల రాసి యార్డు గేటుకు కట్టాలె. ఆదిలాబాద్ దిక్కు గోండిల, మరాఠీల గూడ మైకుల చెప్పాలె.

ఆరోది. నియమం రాసేముందు రైతు సంఘాలను, హమాలీ సంఘాలను, డ్రైవర్లను కూసుండబెట్టి అడగాలె. మన బండి సంగతి మనకంటే ఎక్కువ తెలిసినోళ్లు లేరు.

మేం చేసేటియి

అడుగుడే గాదు, మనం గూడ మాట ఇయ్యాలె. అప్పుడే మన మాటకు బరువు ఉంటది. ఈ సీజన్ నుంచి సంఘం సభ్యులం ఇవి చేద్దాం.

లైనుల నిలబడ్డప్పుడు నిమిషం దాటి కదలదు అనిపిస్తే ఇంజన్ ఆపుదాం. ఒక్కడు ఆపితే ఎనుకోడు దూరుతడు, అందరం ఆపితే ఎవ్వరూ దూరరు. అందుకని మన ఊరి బండ్లన్నీ ఒక్క వరుసల పోదాం. ముందు బండి పోయిందంటే ఎనుక బండిని పిలిచేటందుకు ఒక మనిషిని పెట్టుకుందాం. సర్కారు చీటీ ఇచ్చేదాకా మన చీటీ మనమే రాసుకుందాం. కాగితం మీద నంబరు వేసి వచ్చిన వరుసల పంచుదాం. వరుస దాటినోడు మనోడైనా ఎనుకకు పంపుదాం.

సీజన్‌కు ముందుగాల బ్యాటరీ చూపెట్టుకుందాం. నీళ్లు పోసి, టెర్మినళ్లు సాఫ్ చేసి, బెల్టు బిగిస్తే సగం బండ్ల సెల్ఫ్ మళ్ల కొడతది. కొత్త బ్యాటరీ పెట్టే స్తోమత లేనోళ్లకు ఊరికి ఒకటి జంపర్ వైరు కొని సంఘం కాడ పెడదాం. సెల్ఫ్ కొట్టని బండి పక్కన సెల్ఫ్ కొట్టే బండి ఉంటే రెండూ స్టార్ట్ అయితయి.

దిగినప్పుడు ఇంజన్ ఆపి, గేరుల వేసి, చక్రం కింద రాయి పెట్టి, తాళంచెవి జేబుల వేసుకొని దిగుదాం. పిల్లలను సీటు మీద కూసుండనియ్యద్దు. ఇంజన్ నడిచే బండి పక్కన, కింద పండొద్దు. అద్దాలు మూసుకొని ఇంజన్ నడుపుతూ క్యాబిన్‌ల అసలే పండొద్దు. ఆ పొగల ఉండే వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తది.

ఇవన్నీ చేసినంక ఒక నోటుబుక్ల రాసుకుందాం. ఏ తారీఖు పోయినం, ఎన్ని గంటలకు చేరినం, ఎన్ని గంటలకు కాంటా ఎక్కినం, ఎంత డీజిల్ పోయింది, వచ్చినప్పుడు తేమ ఎంత, తూకం కాడ తేమ ఎంత. ఒక్కరు రాస్తే అది ముచ్చట. ఊరంత రాస్తే అది సాక్ష్యం. సీజన్ అయినంక ఆ నోటుబుక్లు అన్నీ కలిపి కలెక్టరు ముందల పెడదాం. "పొగ ఎవరు పెడుతున్నరు" అని అడిగితే, "ఇగో, ఇన్ని గంటలు మమ్ముల నిలబెట్టిన్రు" అని చూపెడదాం.

సోదరులారా, ఇంజన్ తాళంచెవి మన చేతుల ఉన్నది, దాన్ని తిప్పుడు మన బాధ్యత. కాంటా తాళంచెవి వేరేవాళ్ల చేతుల ఉన్నది. వాళ్లు గూడ తిప్పాలె. వాళ్లు తిప్పకుండ మనల్ని మాత్రమే తిప్పమంటే పొగ ఆగది, రైతు బాధ గూడ ఆగది. ఆ నోటుబుక్ల మొదటి తారీఖు రాయడానికి పత్తి ఏరుడు మొదలయ్యేదాకా ఆగొద్దు. ఈ మీటింగు అయినంక మన ఊరి బండ్ల జాబితా తోనే మొదలుపెడదాం.